రెండో బావి ఎప్పుడు తవ్వుతారు?

(టెక్కలిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో విశ్రాంత డ్రిల్లింగ్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. సభికులు అడిగిన ప్రశ్నలు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పర్యావరణవేత్త అని పరిచయం చేశారు. ఆ బిరుదు నాకు నప్పదండీ. నేను రిగ్గుల మీద బతికినవాణ్ణి. చమురు బావులు, గ్యాసు బావులు తవ్వించి జీతం తీసుకున్నాను. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ డబ్బుతోనే అయ్యాయి. కాబట్టి ఇవాళ నేను చెప్పబోయేది కంపెనీల మీద కోపంతో చెబుతున్నానని అనుకోకండి. ఆ ఉప్పు తిన్నవాణ్ణి గనకే ఒక్క విషయం గట్టిగా చెప్పగలను.

ధ్రువ ప్రాంతాల్లో గ్యాసు అన్వేషణకి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది విషయం. బయట గోడమీద కాగితం చూసి ఒకాయన, "ఏటి మాస్టారూ, మంచుకొండల్లో గ్యాసు తవ్వితే టెక్కలోళ్ళకేటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మన దేశం వాడుకునే గ్యాసులో దాదాపు సగం బయటి నుంచి ఓడల్లో వస్తోంది. మీరు పొలానికి వేసే యూరియాకి ముడిసరుకు ఆ గ్యాసే. ఇంకో సంగతి, మన ప్రభుత్వ రంగ సంస్థలకి ఆర్కిటిక్‌లో, అంటే ఉత్తర ధ్రువ ప్రాంతంలో, ఇప్పటికే వాటా ఉంది. సైబీరియాలో వాంకోర్ అని ఒక చమురు క్షేత్రం, ఆర్కిటిక్ వలయానికి పైన ఉంటుంది. అందులో ఓఎన్‌జీసీ విదేశ్‌ది 26 శాతం. ఇండియన్ ఆయిల్, ఆయిల్ ఇండియా, భారత్ పెట్రోలియం సంస్థలు కలిసి ఇంకో 23.9 శాతం తీసుకున్నాయి. అంటే దగ్గర దగ్గర సగం మనదే. ఇక ఉద్దానం కుర్రాళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కడ పైపులైను వేస్తున్నా అక్కడ మన వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో ఒకడు ఉంటాడు.

ముందు కంపెనీల తరఫు మాట చెప్పేస్తాను. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2008లో ఒక అంచనా వేసింది. ఆర్కిటిక్ వలయానికి పైన ఇంకా కనిపెట్టని గ్యాసు సుమారు 47 లక్షల కోట్ల ఘనపు మీటర్లు ఉండొచ్చంది. ప్రపంచంలో ఇంకా దొరకాల్సిన గ్యాసులో అది 30 శాతం. దొరకాల్సిన చమురులో 13 శాతం. చమురు, గ్యాసు కలిపి చూస్తే అందులో 84 శాతం సముద్రం కింద ఉందని లెక్క. బొగ్గు కాల్చి కరెంటు తీస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు సగమే గ్యాసుతో వస్తుంది. థర్మల్ ప్లాంటు బూడిద ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఇది చిన్న మాట కాదు. పేద దేశాలకి ఇంధనం కావాలి, బొగ్గు మానాలంటే గ్యాసు కావాలి, ఉన్న గ్యాసు తరిగిపోతోంది, కొత్తది ఎక్కడుందో అక్కడికి వెళ్ళాలి. వాదన ఇదీ. దీన్ని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఆ అంచనా గురించి మాత్రం ఒక మాట. అంచనా వేరు, బావిలోంచి వచ్చేది వేరు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో డి6 బ్లాకు గుర్తుంది కదా? 2002లో కనుగొన్నారు, 2009లో గ్యాసు మొదలైంది. దేశం దశ తిరిగిపోయిందని పేపర్లు రాశాయి. ఒకటి రెండేళ్ళు బ్రహ్మాండంగా వచ్చి తర్వాత ఏటికేడాది పడిపోయింది. నిల్వల లెక్కలూ తగ్గించుకోవలసి వచ్చింది. పక్కనే ఉన్న సముద్రంలోనే అలా జరిగింది.

ఇప్పుడు బావి తవ్వడమంటే ఏమిటో చెప్పనివ్వండి. నా వాదనంతా అందులోనే ఉంది.

మూడు నాలుగు కిలోమీటర్ల లోతున రాతి సందుల్లో గ్యాసు విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. మనం బిట్టు, అంటే రాయిని తొలిచే మొన, దింపుకుంటూ పోతుంటే ఆ గ్యాసు పైకి తన్నకుండా ఆపేది బురద. మేము మడ్ అంటాం. నీళ్ళలో ఒకరకం బంకమన్ను కలుపుతాం, బరువు కోసం బెరైట్ పొడి కలుపుతాం. బెరైట్ అంటే మన కడప వైపు మంగంపేటలో తవ్వే ముగ్గురాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడి బావులకో మన ముగ్గురాయే పోతుంది. ఆ మడ్ బరువు, కింద గ్యాసు ఒత్తిడి సరితూగుతూ ఉండాలి. మడ్ తేలికైతే గ్యాసు బావిలోకి చొరబడుతుంది. మరీ బరువైతే రాయి పగిలి మడ్ అంతా అందులోకి పోతుంది. అర్ధరాత్రి డ్యూటీలో మడ్ ట్యాంకు మట్టం నాలుగు వేళ్ళు పెరిగిందనుకోండి. పైన మనం చుక్క కూడా పోయలేదు. అంటే కింద నుంచి ఏదో వచ్చి మడ్‌ని పైకి నెడుతోందన్నమాట. అప్పుడు చేతిలో టీ గ్లాసు ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తాలి. ఆ టెన్షన్ అనుభవించినవాడికే తెలుస్తుంది. బావి నోటి దగ్గర బ్లోఅవుట్ ప్రివెంటర్ అని పెద్ద ఇనుప యంత్రం ఉంటుంది, బీవోపీ అంటాం. దాన్ని మూసేయాలి. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది మూసుకుంటుంది. మడ్ బరువు పెంచి, గ్యాసుని మెల్లగా బయటికి పంపి, మళ్ళీ పని మొదలెడతాం.

అది మూసుకోకపోతే? పాశర్లపూడి. ఇక్కడ నలభై ఏళ్ళు దాటినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. 1995 జనవరి 8న కోనసీమలో బావి పేలి అంటుకుంది. మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. నేను అక్కడ పనిచేయలేదు, చూడ్డానికి వెళ్ళాను. చాలా దూరం నుంచే ఆ హోరు వినపడుతుంది, పక్కవాడి మాట వినపడదు. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. అక్కడున్న సదుపాయాలు గమనించండి. పక్కనే తారురోడ్డు. పక్కనే వైనతేయ గోదావరి, కావలసినన్ని నీళ్ళు. రాజమండ్రిలో విమానం దిగుతుంది. కాకినాడలో రేవు ఉంది. జనవరి నెల, కోనసీమలో అంతకంటే మంచి వాతావరణం ఉండదు. విదేశీ నిపుణులు వచ్చారు, యంత్రాలు వచ్చాయి. ఇన్ని ఉండి 65 రోజులు.

పైనుంచి మూత బిగించడం కుదరకపోతే చివరికి మిగిలే దారి ఒకటే. రిలీఫ్ వెల్, అంటే రెండో బావి. పేలిన బావికి కొంత దూరంలో ఇంకో రిగ్గు పెట్టి, ఏటవాలుగా తవ్వుకుంటూ వెళ్ళి, కొన్ని కిలోమీటర్ల లోతున జానెడు వెడల్పున్న మొదటి బావిని పట్టుకోవాలి. పట్టుకుని అందులోకి బరువైన మడ్, సిమెంటు ఎక్కించి చంపాలి. చంపడమనే అంటాం మా భాషలో. దానికి వారాలూ పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. బావి నోరు మూసింది జులై 15న, 87వ రోజున. అది పూర్తిగా చచ్చిందని ప్రకటించింది సెప్టెంబరు 19న, రెండో బావి వెళ్ళి తగిలాకే. ఆ ఐదు నెలల్లో ఆరు వేలకు పైగా ఓడలు, పడవలు పనిచేశాయి. వెచ్చటి సముద్రం, దగ్గర్లో రేవులు, చమురు పరిశ్రమకి పుట్టినిల్లు లాంటి తీరం.

దాన్ని తీసుకెళ్ళి అలస్కా పైన చుక్చీ సముద్రంలో పెట్టండి. అక్కడ రిగ్గు పనిచేయగలిగేది జులై నుంచి అక్టోబరు దాకా. తర్వాత సముద్రం గడ్డకడుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ సూర్యుడే కనపడని వారాలు వస్తాయి. సెప్టెంబరు ఆఖర్న బావి పేలిందనుకోండి. రెండో బావి తవ్వడానికి కనీసం నెల పైన కావాలి. అక్టోబరు చివరికి మంచు కమ్ముతుంది, రిగ్గు నిలవలేదు. ఇక వచ్చే జులై దాకా ఆ బావి కింద నుంచి కక్కుతూనే ఉంటుంది. చమురైతే మంచు పలక అడుగున చేరి, మంచుతోపాటు కదిలిపోతుంది. దాన్ని వెతకడానికి చీకటి, తోడడానికి దారి లేదు. అమెరికా కోస్ట్ గార్డ్ విమానాలుండే కొడియాక్ స్థావరం అక్కడికి సుమారు 1,500 కిలోమీటర్లు. టెక్కల్లో ఇల్లు అంటుకుంటే ఫైరింజను ఢిల్లీ నుంచి బయల్దేరినట్టు.

కెనడా వాళ్ళకి ఈ సంగతి ముందే తెలుసు. బావి పేలితే అదే సీజన్లో రెండో బావి తవ్వి చంపగలమని చూపిస్తేనే అనుమతి అని 1970ల నుంచీ వాళ్ళ నియమం. ఆ నియమం సడలించాలని కంపెనీలు గట్టిగా అడిగాయి. మెక్సికో ప్రమాదం తర్వాత వాళ్ళ ఇంధన బోర్డు సమీక్ష చేసి, 2011లో నియమాన్ని అలాగే ఉంచింది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన నియమం అది. పర్యావరణ భాష ఏమీ లేదు అందులో. చెడితే బాగుచేయగలవా, ఎప్పుడు చేస్తావు, రిగ్గేదీ అని అడుగుతుంది. కంపెనీలు అంతగా ఎందుకు పెనుగులాడాయంటే, చాలాచోట్ల నిజాయితీ గల జవాబు "చేయలేను" గనక.

షెల్ కంపెనీ 2012లో చుక్చీ వెళ్ళింది. ప్రపంచంలో అంత డబ్బు, అంత అనుభవం ఉన్న కంపెనీలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. చమురు లీకైతే పట్టడానికి తయారుచేసిన పెద్ద ఉక్కు గుమ్మటాన్ని సియాటిల్ దగ్గర ప్రశాంతమైన నీళ్ళలో పరీక్షకి దింపితే నలిగిపోయింది. ఆ డిసెంబరులో కుల్లుక్ అనే రిగ్గుని తాళ్ళతో లాక్కుపోతుంటే తుఫానులో తాడు తెగింది. లాగే ఓడ ఇంజన్లన్నీ ఆగిపోయాయి. రిగ్గు మీది 18 మందిని హెలికాప్టర్లతో పైకి లాగి కాపాడారు, డిసెంబరు 31న రిగ్గు ఒక దీవి ఒడ్డుకి కొట్టుకుంది. ఆ వాతావరణంలో ఎందుకు బయల్దేరారయ్యా అంటే, ఏడాది మారేలోపు అలస్కా దాటితే పన్ను తప్పుతుందన్న ఆలోచన కూడా ఒక కారణమని కోస్ట్ గార్డ్ విచారణలో తేలింది. పన్ను తప్పించుకోవాలనుకోవడం ఏ ఊళ్ళో అయినా ఉన్నదే. ఆ సముద్రంలో అది ఇలా తేలింది. 2015లో ఇంకో బావి తవ్వి, చాలినంత దొరక్క, మొత్తం 700 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. "మీరు చెప్పేదంతా చమురు గురించి. గ్యాసు లీకైతే గాల్లో కలిసిపోతుంది, తెట్టు కట్టదు, పక్షులకి అంటుకోదు." నిజమే, కొంతవరకు. కానీ అన్వేషణ బావి తవ్వేటప్పుడు కింద ఏముందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవడానికే తవ్వేది. గ్యాసు ఒంటరిగా రావడం కూడా తక్కువే, వెంట కండెన్సేట్ అనే తేలికపాటి నూనె వస్తుంది. ఇక గాల్లో కలిసే మీథేన్ ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. బొగ్గు కంటే గ్యాసు మేలు అన్న లెక్క, బావి దగ్గర్నుంచి పొయ్యి దాకా కొద్ది శాతం లీకైతే చాలు, తల్లకిందులవుతుంది.

గ్యాసు బావి కూడా ఎంత మొండిదో చెప్పడానికి సోవియట్ కథ ఒకటుంది. 1963లో ఉజ్బెకిస్తాన్ ఎడారిలో ఉర్తా-బులాక్ దగ్గర గ్యాసు బావి పేలి దాదాపు మూడేళ్ళు మండింది. ఏం చేసినా ఆరలేదు. 1966లో పక్కనే ఏటవాలుగా గొయ్యి తవ్వి, భూమి లోపల అణుబాంబు పేల్చి, రాయిని నొక్కి బావి మూశారు. ఆరింది. ఆ ధైర్యంతో, 1980లో ఆర్కిటిక్ తీరాన పెచోరా నది డెల్టాలో కుమ్‌జా అనే చోట గ్యాసు బావి పేలితే, 1981 మేలో అక్కడా అణుబాంబు పేల్చారు. ఆరలేదు. మళ్ళీ మామూలు పద్ధతులే గతి అయింది, ఏళ్ళు పట్టింది. డ్రిల్లింగు వాళ్ళం కూర్చున్నప్పుడు ఈ కథ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

గ్యాసు దొరికాక తీసుకురావాలి కదా. అక్కడి నేల సంగతి వేరు. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల, దాని మీద రైల్వే లైన్లు, ట్యాంకులు, విమానాశ్రయాలు కట్టారు. అలస్కా పైపులైను 1,300 కిలోమీటర్లలో సగానికి పైగా స్తంభాల మీద ఎత్తి వేశారు, వేడి నూనె పైపు తగిలి నేల కరగకూడదని. ఆ నేల ఇప్పుడు దానంతటదే కరుగుతోంది. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్, మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2022లో లెక్కగట్టారు. 2020 మే 29న నోరిల్స్క్ దగ్గర ఒక పవర్ స్టేషన్ డీజిల్ ట్యాంకు కిందికి కుంగి పగిలింది. 21,000 టన్నుల డీజిలు నేలలోకి, నదిలోకి పోయింది. నేల కరగడం వల్లే అని కంపెనీ చెప్పింది. నిర్మాణంలో, నిర్వహణలో లోపాలున్నాయని తనిఖీ సంస్థ చెప్పింది. రెండూ అయ్యుంటాయి. 200 కోట్ల డాలర్ల దాకా పరిహారం కట్టించారు.

పశ్చిమ సైబీరియాలో యమల్ ద్వీపకల్పం ప్రపంచంలో పెద్ద గ్యాసు నిల్వలున్న చోట్లలో ఒకటి. 2012లో బోవనెంకోవో క్షేత్రం మొదలైంది, 2017 డిసెంబరులో సబెట్టా రేవు నుంచి ద్రవ గ్యాసు ఓడలు మొదలయ్యాయి. అక్కడ నెనెట్స్ అనే జనం ఉంటారు. రెయిన్‌డీర్ మందలు తోలుకుంటూ ఏటా వందల కిలోమీటర్లు ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతారు. ఇప్పుడు ఆ దారికి పైపులు, రైలుపట్టాలు అడ్డం. 2013 నవంబరులో అక్కడ మంచు మీద వాన పడింది. మంచు పడాల్సిన కాలంలో వాన! అది రాత్రికి రాత్రి గాజు పెంకులా గడ్డకట్టింది. అడుగునున్న నాచు అందక ఆ చలికాలం 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చాయి. పక్కనున్న బారెంట్స్, కారా సముద్రాల్లో మంచు తగ్గి తేమ పెరగడమే కారణమని ఆ ఘటనని పరిశోధించినవాళ్ళు రాశారు. అదే కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో సెప్టెంబరు నెల కుండపోతలకీ సంబంధం ఉండొచ్చని మన గోవా ధ్రువ పరిశోధన కేంద్రం వాళ్ళు 2021లో ప్రచురించారు. ఉండొచ్చు అన్నారు, గమనించండి. తిత్లీ తుఫాను ఆర్కిటిక్ వల్ల వచ్చిందని నేను చెప్పడం లేదు, ఎవరైనా చెబితే నమ్మకండి.

అలాగే తేలినీలాపురం పక్షుల్ని ఇక్కడికి లాగొద్దు. సైబీరియా పక్షులంటాం గానీ, ఆ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మన ఉపఖండంవే. నిజంగా ఆర్కిటిక్‌లో పుట్టి వచ్చేవి ఎవరి కంటా పడని చిన్న ఉల్లంకి పిట్టలు. సైబీరియా ఉత్తర కొసన గుడ్లు పెట్టి, చలికాలానికి చిలికాకి, మన ఉప్పుమడుల వైపుకి దిగుతాయి. బురదలో ముక్కు పొడుచుకుంటూ తిరుగుతాయి. వాటికి ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు లేరు.

అక్కడి జనం ఏమంటున్నారు? ఇక్కడ మనం తొందరపడి మాట్లాడకూడదు. అలస్కా ఉత్తర తీరంలో ఇనుపియాట్ తెగవాళ్ళు చమురు కావాలన్నారు. 1968లో ప్రూడో బేలో చమురు పడ్డాక, 1972లో వాళ్ళు సొంత స్థానిక ప్రభుత్వం ఏర్పాటు చేసుకుని కంపెనీల మీద పన్ను వేశారు. ఆ డబ్బుతో బడులు, ఆసుపత్రి, కుళాయి నీళ్ళు వచ్చాయి. చల్లగా ఏసీలో కూర్చుని వాళ్ళకి ధ్రువపు ఎలుగుబంటి గురించి పాఠం చెబితే వాళ్ళకి ఒళ్ళు మండుతుంది, మండాలి. అదే అలస్కాలో కొంచెం దక్షిణాన గ్విచిన్ తెగవాళ్ళు వద్దంటారు. వాళ్ళ తిండి కారిబూ అనే అడవి రెయిన్‌డీర్ మందలు, ఆ మందలు ఈనే మైదానం కిందే చమురుందని కంపెనీల ఆశ. నేల మీద సరేనన్న ఇనుపియాట్లలోనే తిమింగలాల వేటగాళ్ళు చాలామంది సముద్రంలో వద్దన్నారు, కోర్టుకీ వెళ్ళారు. సముద్రం అడుగున ఏముందో శబ్దంతో వెతికే సైస్మిక్ సర్వే ఓడలు పది పదిహేను సెకన్లకోసారి నీళ్ళలో గాలితుపాకీ పేలుస్తూ పోతాయి. తిమింగలాలు దారి మార్చుకుంటాయి. వల వేసేవాళ్ళు ఇక్కడున్నారు, చేప దారి మారితే ఏమవుతుందో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు గొడవ మన కళ్ళముందే జరిగింది. ఏటా నీళ్ళు నిలిచే నేల, చేపలు, గడ్డి, పంట, ఎత్తిపోతలు. కాగితాల మీద అది ఎందుకూ పనికిరాని నేల. 2010 జులై 14న కాల్పులు జరిగి మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర దగ్గర మళ్ళీ కాల్పులు. టండ్రాని, అంటే ఆర్కిటిక్‌లో చెట్లు మొలవని ఆ చలి మైదానాన్ని కూడా పటాల మీద ఖాళీగానే చూపిస్తారు. ఖాళీ అని రాసేవాడు ఎప్పుడూ ఆ ఊరివాడై ఉండడు.

దక్షిణ ధ్రువం సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడ తవ్వకాలు నిషేధం, ఆ నిషేధం గట్టిదే. 1959లో అంటార్కిటిక్ ఒప్పందం, 1991లో మాడ్రిడ్ ప్రోటోకాల్. శాస్త్ర పరిశోధన తప్ప ఖనిజాల జోలికి పోకూడదు. 2048లో ఇది రద్దయిపోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, తప్పు. 2048 తర్వాత సమీక్ష కావాలని సభ్యదేశం అడగొచ్చు, అంతే. నిషేధం ఎత్తేయాలంటే తవ్వకాలని కట్టడిచేసే చట్టబద్ధమైన ఏర్పాటు ముందు ఉండాలి. 1991నాటి 26 దేశాల్లో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి, అది అమల్లోకి రావాలంటే ఆ 26 దేశాలూ ఆమోదించాలి. ఆ 26లో మనమూ ఉన్నాం. అక్కడ గ్యాసు ఉంటుందా అంటారా? మన తూర్పు కనుమల రాయీ, తూర్పు అంటార్కిటికా తీరపు రాయీ ఒకప్పుడు కలిసున్నవే. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి. ఆ చీలికలోనే మన కృష్ణా-గోదావరి బేసిన్ ఏర్పడింది. ఇటువైపు గ్యాసుంటే అటువైపూ ఉండొచ్చని భూగర్భ శాస్త్రం చదివినవాడెవడికైనా అనిపిస్తుంది. ఉన్నా సరే, దాని జోలికి పోవద్దని దేశాలన్నీ రాసుకున్నాయి. అక్కడ సాధ్యమైంది కాబట్టి ఉత్తరాన కూడా సాధ్యమేనా అంటే, అంత సులువు కాదు. దక్షిణాన ఎవరి ఊళ్ళూ లేవు. ఉత్తరాన దేశాలున్నాయి, వాళ్ళ సొంత సముద్రాలున్నాయి.

కాబట్టి నా అభిప్రాయం. ఆర్కిటిక్ సముద్రంలో కొత్త అన్వేషణకి అనుమతి ఇవ్వకూడదు. ఇప్పటికే నడుస్తున్న క్షేత్రాల్ని రేపు పొద్దున్నే మూసేయమని నేను అనను. వాటి లీకులు కొలిచి, లెక్క బయటపెట్టి, ఆపించాలి. ఎవరైనా కొత్తగా వస్తే కెనడా ప్రశ్న వేయాలి. రెండో రిగ్గు ఏ రేవులో ఉంది, అదే సీజన్లో ఎన్ని రోజుల్లో వచ్చి బావిని చంపుతుంది? రాతపూర్వకంగా చూపించమనాలి. చూపించగలిగినవాణ్ణి నేనైతే ఇంతవరకు చూడలేదు. ఇంతే నా మాట. ఇక అడగండి.

ఒక రైతు: అయ్యా, గ్యాసు వద్దంటే యూరియా ఎలా? మొన్న సీజన్లో బస్తా కోసం లైన్లో నిలబడి చచ్చాం.

జవాబు: మీరు నిలబడిన లైనుకీ ఆర్కిటిక్‌కీ సంబంధం లేదండీ. బారెంట్స్ సముద్రంలో ష్టోక్‌మన్ అని బ్రహ్మాండమైన క్షేత్రం 1988లో దొరికింది. ఇంతవరకు అందులోంచి పొయ్యి వెలిగించేంత గ్యాసు కూడా రాలేదు. ఇవాళ అన్వేషణకి అనుమతిస్తే మీ మనవడి కాలానికి వస్తుందేమో. ఇంకోటి, మనం చల్లిన యూరియాలో సగం కూడా పైరుకి అందదు. గాల్లోకీ నీళ్ళలోకీ పోతుంది. ఆ పోయే సగంలో కొంత ఆపగలిగినా అది మనకి గ్యాసు దొరికినట్టే. అది వ్యవసాయ శాఖవాళ్ళని పిలిచి ఇంకో సాయంత్రం మాట్లాడించాల్సిన సంగతి.

డిగ్రీ విద్యార్థిని: సార్, మనం వద్దన్నంత మాత్రాన రష్యా, చైనా ఆగుతాయా?

జవాబు: మన మాటకి ఆగవమ్మా. డబ్బుకి ఆగుతాయి. ష్టోక్‌మన్ 2012లో ఆగింది ధర్నాల వల్ల కాదు. అమెరికాలో షేల్ గ్యాసు, అంటే గట్టి పలకరాయిని పగలగొట్టి తీసే గ్యాసు, వచ్చి ధర గిట్టుబాటు కాలేదు. అలస్కాలో కారిబూలు ఈనే మైదానాన్ని 2021 జనవరిలో వేలం వేస్తే పెద్ద కంపెనీ ఒక్కటీ రాలేదు. 2025 జనవరిలో మళ్ళీ పిలిస్తే ఒక్క టెండరూ పడలేదు. అక్కడ తీసే గ్యాసుకి పెట్టుబడి, బీమా, మంచు కోసే ఓడలు, కొనేవాడు, అన్నీ కుదరాలి. కొనేవాళ్ళలో మనం ఉన్నాం, వాటాదారుల్లోనూ ఉన్నాం. 2022లో మన ప్రభుత్వం ఆర్కిటిక్ విధానం ప్రకటించింది. అందులో వనరుల అన్వేషణ బాధ్యతగా జరగాలని ఉంది. బాధ్యత అంటే ఏమిటో ఒక్క వాక్యం అదనంగా రాయమని మన ఎంపీలు అడగొచ్చు. ఆ వాక్యం నేను ఇందాక చెప్పేశాను.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు: నేను వెల్డర్ని సార్. రష్యాలో గ్యాసు ప్లాంటు పని ఉందని ఏజెంటు చెబుతున్నాడు. జీతం గల్ఫ్ కంటే ఎక్కువ. మీరు ఇదంతా చెప్పాక... వెళ్ళొచ్చా?

జవాబు: వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు లేదు బాబూ. నేను చేసిన పనే నువ్వూ చేస్తున్నావు. ప్లాంటు పేరేమిటో ముందు కనుక్కో. రష్యా ఆర్కిటిక్ తీరంలోని ద్రవ గ్యాసు ప్లాంటు ఆర్కిటిక్ ఎల్‌ఎన్‌జీ 2 అయితే దాని మీద అమెరికా 2023 నవంబరులో ఆంక్షలు పెట్టింది. నీ జీతం ఏ బ్యాంకు ద్వారా ఇంటికి వస్తుందో ఏజెంటుని అడుగు, నోటిమాట కాదు, కాగితం మీద. పాస్‌పోర్టు ఎవరి దగ్గరా పెట్టకు. కాంట్రాక్టు రష్యన్‌లో ఉంటే తర్జుమా చేయించుకోకుండా సంతకం పెట్టకు. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనపడుతుంది. సభ అయ్యాక ఆగు, ఫోన్లో చూసి చెబుతాను.